తాళాల సిస్టరమ్మ తిరిగే నడవా

క్రీ తెగకి ప్రభుత్వం గిరిగీసి ఇచ్చిన మా రిజర్వులో, పొద్దుగూకాక ఆ ఇటుకల బడి ముందు నుంచి ఎవరూ నడవరు.

కుక్కలు కూడా నడవవు. సరస్సు వైపు పోయే కుక్క ఆ గుట్ట దగ్గరికి రాగానే రోడ్డు దిగుతుంది. బీడులో చుట్టు తిరిగి, అవతల మళ్లీ రోడ్డెక్కుతుంది.

బడి మూతబడి చాలా ఏళ్లయింది. మూడంతస్తులు, పగిలిన కిటికీలు, ముందు వెడల్పాటి రాతిమెట్లు. తల్లుల ఒళ్లోంచి పిల్లల్ని ప్రభుత్వం లాక్కొచ్చి అప్పజెబితే, చర్చి ఫాదర్లూ సిస్టర్లూ జుట్టు కత్తిరించి, పేరు తీసేసి నంబరిచ్చి, సొంత క్రీ భాషలో ఒక్క మాటన్నా బెల్టుతో అరచేతులు వాయగొట్టి పెంచిన బడి అది. ఇంటికి తిరిగి పోయినవాళ్లు పోయారు. పోనివాళ్లు... వెనక చెట్ల కింద ఉన్నారు.

బడి మూసేసినా ఒకామె మాత్రం ఉద్యోగం మానలేదంటారు. ఆమె తాళాల సిస్టరమ్మ. వంటగది పక్క నుంచి భోజనాల గది మీదుగా ముందు గుమ్మం దాకా పోయే పొడవాటి నడవాలో, రాత్రిపూట, నడుముకి తాళాలగుత్తి కట్టుకుని తిరుగుతుందట. మనిషి కనబడకముందే చప్పుడు వినబడుతుంది. టింగ్... టింగ్...

ఒకసారి మా తెగ పంచాయతీ లాంటి బ్యాండ్ కౌన్సిల్ సభ్యుడొకాయన పికప్ ట్రక్కు సరిగ్గా ఆ మెట్ల ముందు ఆగిపోయింది. లోపల్నుంచి టింగ్ మని వినబడిందట. ఆయన దిగి, ఒక్కడే ట్రక్కుని తోసుకుంటూ గుట్ట ఎక్కించి అవతలకి దించాడు. మర్నాడు దాన్ని మెకానిక్ షెడ్డులోకి తొయ్యడానికి నలుగురు మొగవాళ్లు కావలసొచ్చారు. తాగి ఆ దారిన వచ్చేవాళ్లు కొందరు తాగుడు మానేశారు, కొందరు దారి మార్చారు. ఎక్కువమంది దారే మార్చారు, అది వేరే సంగతి.

అలాంటి బడిలోకి సినిమావాళ్లు వచ్చి దిగారు.

ఆ బడిలో చదివి, బతికి బయటపడ్డవాళ్ల కథనే సినిమా తీస్తున్నారు. డైరెక్టరు కొరీన్ పక్క రిజర్వు అమ్మాయి. వాళ్ల అమ్మమ్మ కూడా ఇలాంటి బడిలోంచి వచ్చినావిడే. అందుకని ఆ అమ్మాయి పెద్దవాళ్లతో నెమ్మదిగా మాట్లాడేది, మా ఆచారం ప్రకారం ముందు పొగాకు చేతిలో పెట్టి తర్వాతే సాయం అడిగేది. పిల్లల వేషాలకి మా పిల్లలు దొరికారు. ముసలి సిస్టరమ్మ వేషానికి మాత్రం పట్నం నుంచి వచ్చిన నటీమణులెవరూ సరిపోలేదు. చివరికి ఆ వేషం యూలలీ వేసింది.

యూలలీ ఆ బడిలోనే పెరిగింది. ఇప్పుడు మనవలు, మునిమనవలు. ఆవిడ నల్లటి ఉన్నిగౌను తొడుక్కుని, తలకి తెల్లబట్ట బిగించి, గోడవార చప్పుడు లేకుండా నాలుగడుగులు నడిచేసరికి, పక్కన టీ తాగుతున్న ముసలివాళ్లందరూ కప్పులు కింద పెట్టి నిటారుగా నిలబడ్డారట. తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వారు.

ఇక చివరి సీను. అందులో ఒక ముసలాయన, చిన్నప్పుడు ఈ బడిలో పెరిగినవాడు, ఇన్నేళ్ల తర్వాత ఒంటరిగా ముందు గుమ్మంలోంచి లోపలికి నడుస్తాడు. నడవా దాటి భోజనాల గదిలోకి పోయి నిలబడతాడు. అంతే. మాటలు లేవు.

కొరీన్ ముందు ముగ్గురు పెద్దవాళ్లని అడిగింది. ఒకాయన, నా వల్ల కాదమ్మా అన్నాడు. ఇంకొకావిడ, ఆ గుమ్మం చూస్తేనే నాకు వాంతి వస్తుంది అంది. మూడో ఆయన మాట్లాడకుండా తల అడ్డంగా ఊపాడు. నిజం చెప్పినందుకు వాళ్లని గౌరవించాలి.

నాలుగోవాడు ఆంబ్రోజ్.

ఆంబ్రోజ్ యూలలీకి బావ, చనిపోయిన అక్క మొగుడు. మాలో బావా మరదళ్లు ఒకళ్లతో ఒకళ్లు మంచిగా మాట్లాడుకుంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఎకసెక్కాలాడాలి, అదే మర్యాద. ఆ మర్యాదలో వాళ్లిద్దరూ ఎన్నడూ లోటు చేసుకోలేదు.

ఆంబ్రోజ్‌కి ఒక దుర్గుణం ఉంది. గొప్పలు చెబుతాడు. కుర్రతనంలో ఆ నడవాలో తాళాల సిస్టరమ్మ తనకి ఎదురైందని ఊరంతా బింగో ఆటకి చేరే హాల్లో చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆమె మాయమైపోయింది. కొన్నాళ్లకి ఆమె వెనక్కి తిరిగి పారిపోయింది. నిరుడు చెప్పినప్పుడైతే క్షమాపణ అడిగి, ఒక కాలి బూటు వదిలేసి మరీ పారిపోయింది. అబద్ధం ఒకసారి చెబితే చాలదు, దానికి ప్రతి ఏడూ తిండి పెట్టాలి. అసలు సంగతి ఏమిటంటే, బడి వదిలిన రోజు నుంచి ఆంబ్రోజ్ ఆ బడి గుమ్మమే తొక్కలేదు.

ఆ బూటు కథ కొరీన్ చెవిన పడింది. తాతా, ఈ ఊళ్లో ఆ ఇంటికి భయపడనివాడివి నువ్వొక్కడివే, చివరి సీను నీదే అంది. ఊరంతా వింటోంది. ఆంబ్రోజ్ టోపీ సర్దుకుని, దానికేముంది అన్నాడు.

మొదటిరోజు మెట్ల దగ్గరికి రాగానే మోకాలు పట్టేసింది. రెండో రోజు పన్ను సలిపింది. ఇంకోరోజు మోకాలూ పన్నూ రెండూ బాగానే ఉన్నాయి గాని, వెలుతురు బాగాలేదని కెమెరా కుర్రాడికి చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం అందరూ డేరాలో భోజనానికి కూర్చున్నారు. వంటవాడు పట్నం నుంచి వచ్చినవాడు, మంచివాడే. దుప్పి మాంసం కూర వండి, అందులో టర్నిప్ దుంపలు దండిగా వేశాడు. ఆ బడిలో టర్నిప్ అంటే ఏమిటో అతనికేం తెలుసు? పురుగు పట్టినవి, కుళ్లినవి, పొద్దున అవే, సాయంత్రం అవే. ముసలివాళ్లు మాంసం తిన్నారు. రొట్టెతో రసం తుడుచుకు తిన్నారు. టర్నిప్ ముక్కల్ని మాత్రం ఒక్కొక్కటే పళ్లెం అంచుకి నెట్టి, కంచె కట్టినట్టు వరసగా పేర్చారు. తర్వాత చెంచాని పళ్లెం మధ్యలో బోర్లించారు. అది బడి పద్ధతి. చెంచా బోర్లించినవాళ్లనే బల్ల మీంచి లేవనిచ్చేవారు. ఏళ్లు గడిచినా ఆ చెయ్యి దానంతటదే బోర్లిస్తుంది.

అన్ని పళ్లేలూ ఒకేలా ఉండడం చూసి, తన మీద సమ్మె చేస్తున్నారనుకుని వంటవాడు బిక్కమొహం వేశాడు.

అప్పుడే కొరీన్ ఆంబ్రోజ్ పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. రేపే ఆఖరి రోజు. ఎల్లుండి నుంచి భవనం పడగొడతారు, కౌన్సిల్ తీర్మానం అయిపోయింది. మోకాలు బాగాలేకపోతే ఫరవాలేదు తాతా, సాస్కటూన్ పట్నంలో ఒక నటుడున్నాడు, పొద్దున్నే వచ్చేస్తాడు.

ఆంబ్రోజ్ డేరాలోంచి ముందు గుమ్మంవైపు చూశాడు.

ఆ ముందు గుమ్మం ఫాదర్లదీ, చూడ్డానికి వచ్చే పెద్దమనుషులదీ. పిల్లలు వెనక గుమ్మంలోంచే వచ్చేవారు, వెనక గుమ్మంలోంచే పోయేవారు. అతని భార్య బతికుండగా ట్రక్కులో ఆ దారిన పోయినప్పుడల్లా, ఒక్కసారన్నా ఆ ముందు గుమ్మంలోంచి చుట్టాల్లా దర్జాగా పోదామా అనేది. వాళ్లు టీ ఇస్తామని పిలిచినప్పుడు పోదాంలే అని ఇతను నవ్వేసేవాడు. ఆమె పోయింది. రేపు ఆ గుమ్మంలోంచి ఎవరో నటుడు నడుస్తాడు, మేకప్పు వేసుకుని, ఆంబ్రోజ్ నడవాల్సిన నడక.

ఎల్లుండికి గుమ్మమే ఉండదు.

అందుకని ఆ రాత్రి... అతను ఒంటరిగా బయల్దేరాడు. ఎవరూ చూడకుండా ఒకసారి నడిచి చూసుకుంటే, రేపు వణుకు రాదని.

సినిమావాళ్లు లైట్లన్నీ ఆర్పేసి వెళ్లిపోయారు. చంద్రుడు ఉన్నాడు. గడ్డి మీద మంచు పేరుతోంది. ఆంబ్రోజ్ జేబులో టార్చిలైటు ఉంది గాని వెలిగించలేదు. రోడ్డు మీంచి ఎవరన్నా చూస్తే పరువు పోతుంది. మెట్ల పక్కన, పోయినవాళ్లకి కానుకగా, చిటికెడు పొగాకు పెట్టాడు. చాలదేమో అనిపించి ఇంకొంచెం పెట్టాడు. చివరికి సంచీ అంతా బోర్లించాడు.

పైకి చూశాడు. పెద్ద తలుపు. నల్లగా.

ఎక్కుదామని కాలెత్తాడు. ఆ కాళ్లు ఏం చేశాయో గాని, కాసేపటికి చూసుకుంటే అతను భవనం చుట్టూ తిరిగి వెనక గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. చిన్నప్పటి దారి కాళ్లకి గుర్తుంది. తిట్టుకున్నాడు. సరే, లోపలికంటూ పోతే చాలు, బయటికి ముందు గుమ్మంలోంచి పోతే సరి అనుకున్నాడు.

తలుపు తోశాడు. తెరుచుకుంది. గడియ వేసి లేదు.

లోపల నడవా... బయటి కంటే చల్లగా ఉంది. కిటికీల్లోంచి వెన్నెల పలకలు పలకలుగా నేల మీద పడుతోంది. ఒక పలక దాటాడు. ఇంకోటి దాటాడు. ఊపిరి తనదే, తనకే పెద్దగా వినబడుతోంది.

టింగ్.

ఆగాడు.

ఏ రేకో అయి ఉంటుంది. గాలికి కదిలి ఉంటుంది. గాలి లేదు.

టింగ్... టింగ్...

నడవా ఆ చివర, భోజనాల గది తలుపు దగ్గర, చీకటిలో ఒక ముక్క కదిలింది. నేల దాకా నల్లటి గౌను. తల చుట్టూ తెల్లబట్ట. గోడవార, అడుగు చప్పుడు లేకుండా... ఇటే వస్తోంది.

నడుము దగ్గర తాళాలగుత్తి వేలాడుతోంది.

బూటు వదిలేసి పారిపోయిన సిస్టరమ్మ కథ ఆంబ్రోజ్‌కి ఆ క్షణాన గుర్తు రాలేదు. అతని వీపు దానంతటదే గోడకి ఆనింది. మడమలు కలిశాయి. గడ్డం ఛాతీకి తగిలింది. రెండు చేతులూ ముందుకి చాచుకున్నాయి. బారెడు నెరిసిన జడ, మనవరాలి పెళ్లి కూడా చేసిన మనిషి నోట్లోంచి సన్నగా ఇంగ్లీషులో ఒక్క మాట వచ్చింది.

"పదిహేడు."

అది ఆ బడిలో అతని పేరు.

నల్లటి ఆకారం ఆగింది. తర్వాత అంతే సన్నగా ఇంగ్లీషులోనే అంది.

"చేతులు తిప్పు."

తిప్పాడు. గోళ్లు పైకి వచ్చాయి. ఆకారం వాటి మీదికి వంగింది. వాసన చూసింది.

అప్పుడు... ఆ గోడల మధ్య ఏ సిస్టరమ్మా ఎన్నడూ మాట్లాడని మాటల్లో, అచ్చమైన క్రీలో, తీరిగ్గా అంది.

"చేపల కంపు. ఈ చేతులతోనేనా బావా, రేపు సినిమాలో కనిపించేది?"

ఆంబ్రోజ్ గోడవెంట జారి నేల మీద కూర్చున్నాడు.

యూలలీ నవ్వింది. గోడ పట్టుకుని నవ్వింది. తలబట్ట పక్కకి జారిపోయేదాకా నవ్వింది. బావ లేవడంలేదని చూసి, నవ్వు ఆపి, గౌను సర్దుకుని తనూ పక్కనే చతికిలబడింది.

"మరి నిన్ను చూసి పారిపోయిందన్నావే?"

"ఆవిడ వేరే," అన్నాడు ఆంబ్రోజ్, గుండె మీద చెయ్యి తియ్యకుండా.

"ఒంటి బూటావిడా?"

ఆంబ్రోజ్ మాట మార్చాడు. ఈ వేళప్పుడు నువ్వెందుకొచ్చావని అడిగాడు. షూటింగు మొదలైనప్పటి నుంచి రోజూ రాత్రి వస్తున్నానంది. చెట్ల కింద ఉన్న పిల్లల కోసం పళ్లెంలో అన్నం పెట్టిపోతోంది. పోయినవాళ్లకి పెట్టే పళ్లెం అడవిలో పెట్టాలి కదా అని ఆంబ్రోజ్ అన్నాడు. వాళ్లకి ఆకలేసింది ఇక్కడ, అందుకే ఇక్కడ పెడుతున్నా అని ఆవిడ అంది. ఇంట్లో వండటానికి ఇవాళ టైము లేక, మధ్యాహ్నం మిగిలిన కూరా, రొట్టే, కాస్త బ్లూబెర్రీల పాకమూ పాత రేకుపళ్లెంలో సర్దుకొచ్చి, చెంచాతో సహా ఇప్పుడే భోజనాల బల్ల మీద పెట్టిందట.

"అన్నం పెట్టడానికి ఈ వేషమెందుకు?"

"చలికి ఉన్నిగౌను బాగుంది." గొంతు తగ్గించింది. "ఆ ముసలిది గనక ఎదురైతే... తన మనిషే అనుకుని వదిలేస్తుందని."

ఇద్దరూ నవ్వబోయారు గాని నవ్వు సరిగ్గా రాలేదు.

ఆంబ్రోజ్ నేల చూస్తూ చెప్పాడు. ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. ఈ మెట్లు కూడా ఎక్కలేదు. మీ అక్క అడిగినప్పుడల్లా నవ్వి తప్పించుకున్నాను.

"తెలుసు," అంది యూలలీ. "అక్కకీ తెలుసు. పాపం ముసలోడు గొప్పలు చెప్పుకుంటున్నాడు, చెప్పుకోనీ అనేది."

టింగ్.

"చాల్లే, ఆ తాళాలు ఆపు. భయపెట్టింది చాలు," అన్నాడు ఆంబ్రోజ్.

"నేనేం ఊపలేదు."

"నువ్వు వస్తున్నప్పుడు కూడా వినబడ్డాయి."

యూలలీ అతనికేసి వింతగా చూసింది. నడుముకున్న గుత్తి విప్పి అతని చేతిలో పెట్టింది. మెత్తగా ఉంది. నొక్కితే నొక్కుకుపోతోంది. ఊపాడు. చప్పుడు లేదు.

"రబ్బరువి బావా. నిజం తాళాలైతే ఆ చప్పుడికి మాటలు వినబడవట. తాళాల చప్పుడు తర్వాత వేరేగా కలుపుతారట."

టింగ్... టింగ్...

భోజనాల గదిలోంచి. లోహానికి లోహం తగిలిన చప్పుడు. తొందరగా ఒకసారి, ఆగి ఆగి ఒకసారి...

ఇద్దరూ లేచారు. ఎలా లేచారో ఎవరికీ తెలియదు. ఒకరికి మోకాలు, ఒకరికి నడుము. నడవాలో వెన్నెల పలకలన్నీ ఒక్క బిగిన దాటేశారు. భోజనాల గది ముందు నుంచి పోతూ ఇద్దరూ కళ్లు మూసుకున్నారట. ఆ చివర పెద్ద తలుపు. పొద్దున ఇద్దరు కుర్రాళ్లు పట్టి లాగినా బిర్రబిగుసుకుపోయి ఊడిరాని గడియ, ఆంబ్రోజ్ చెయ్యి తగలగానే ఊడి వచ్చింది. మెట్లు దిగారు. కుప్పగా పోసిన పొగాకు మీద కాలు వేసి ఆంబ్రోజ్ జారాడు, యూలలీ జబ్బ పట్టుకుంది. రోడ్డు దాకా ఆగలేదు.

రోడ్డు మీద, చేతులు మోకాళ్ల మీద ఆనించుకుని, ఆవిడ రొప్పుతూ వెనక్కి చూసింది.

"బావా... ఏ గుమ్మంలోంచి వచ్చామో చూశావా?"

చూశాడు. ముందు గుమ్మం రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి.

"దర్జాగా మాత్రం రాలేదు," అన్నాడు.

"రేపు దర్జాగా పో. వెనక్కి తిరిగావో, చెవి పట్టుకుని లోపలికి ఈడుస్తా. వేషం ఉండనే ఉంది."

పొద్దున్నే అందరూ చేరారు. ఆంబ్రోజ్ జడ అల్లించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. చేతులు నిమ్మకాయతో రుద్ది కడుక్కున్నాడు. సాస్కటూన్ నటుడు కూడా వచ్చి, పక్కన కాఫీ తాగుతున్నాడు. ఆంబ్రోజ్ అతనికి మర్యాదగా నమస్కారం చేశాడు. మెట్ల కింద నిలబడి, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు చెప్పాడు. నేను ఆ సిస్టరమ్మని ఎన్నడూ చూడలేదు. బూటు సంగతి అబద్ధం. నాకీ మెట్లంటే భయం. ఇప్పుడు ఎక్కుతాను.

ఎవరూ నవ్వలేదు. కెమెరా తిరిగింది.

ఎక్కాడు. మొదటి మెట్టు మీద కాస్త ఆగాడు. తర్వాత ఆగలేదు. గుమ్మం దాటాడు. నడవాలో మధ్యగా నడిచాడు, గోడవార కాదు. భోజనాల గదిలోకి వెళ్లి నిలబడ్డాడు.

అక్కడ ఆ ముసలాయన ఏడవాలని సినిమాలో రాసుంది.

ఆంబ్రోజ్ బల్లకేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని కొరీన్ ఊపిరి బిగబట్టింది. ఆంబ్రోజ్ నవ్వుతున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతుండగా, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మరదలా, ఇటు రా అని క్రీలో కేకేశాడు.

యూలలీ ఆ నల్లగౌనులోనే గబగబా వచ్చింది. కెమెరా తిరుగుతూనే ఉంది.

బల్ల మీద రాత్రి పెట్టిన రేకుపళ్లెం. మాంసం లేదు. రొట్టె లేదు. బ్లూబెర్రీల పాకం నాకేసినట్టుంది. ఎలుక తినిపోయిందేమో అని కొరీన్ వెనక నుంచి గొణిగింది.

పళ్లెం మధ్యలో చెంచా బోర్లించి ఉంది.

అంచు చుట్టూ, కంచె కట్టినట్టు వరసగా... టర్నిప్ ముక్కలు.